గ్రాఫిక్స్ కార్డుకు పూర్తి పేరు అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా వచ్చినా, కాలేజీలు తెరిచే రోజులొచ్చినా పత్రికల్లో ‘గేమింగ్ పీసీ’ ప్రకటనలు జోరందుకుంటాయి. చాలావాటిలో రాత ఒకటే: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్. ఐ5 ఏ తరానిదో ఉండదు. ఆ 4 జీబీ మెమరీ ఏ గ్రాఫిక్స్ కార్డుదో (తెర మీది బొమ్మను గీసే కార్డు) అసలే ఉండదు. పిల్లవాడు ఇంజినీరింగ్‌లో చేరాడు, చదువుకూ గేములకూ పనికొస్తుంది కదా అని తల్లిదండ్రులు అంత డబ్బు పెట్టేది ఈ ఒక్క ముక్క చూసే. కంప్యూటర్లు అసెంబుల్ చేసి, పాడైనవి బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ముక్క వెనక ఏముందో మీ పాఠకులకు వివరంగా చెప్పాలనిపించి రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడవైంది, మన్నించాలి.

జీటీ 730 అనే కార్డు 2014 నాటిది. అందులో 4 జీబీ డీడీఆర్3 మెమరీ పెట్టిన రకం ఉంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లోనూ 4 జీబీయే. కానీ మొదటిదాని 64 బిట్ల రకంలో చిప్‌కూ మెమరీకీ మధ్య సెకనుకు 14.4 జీబీ డేటా మాత్రమే నడుస్తుంది. రెండోదాంట్లో 128 జీబీ నడుస్తుంది, అంటే దాదాపు తొమ్మిది రెట్లు. నల్లా ధార సన్నగా ఉంటే డ్రమ్ము ఎంత పెద్దదైతే ఏం లాభం? పైగా ఆ పాత కార్డు చిప్ చేసిన ఎన్విడియా కంపెనీ దానికి కొత్త గేముల కోసం డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం 2021లోనే మానేసింది. భద్రతా సవరణలు కూడా 2024 సెప్టెంబరుతో ఆగిపోయాయి. రెండు మానిటర్లు పెట్టుకుని ఎక్సెల్ చూసుకోవడానికి జీటీ 730 పనికొస్తుంది. ఇప్పటి గేములకు పనికిరాదు.

పాత సరుకు సంగతి అలా ఉంచితే, కొత్త కార్డుల్లో ఇంకో చిక్కుంది. పేరొకటే, లోపలి సరుకు వేరు. ఆర్‌టీఎక్స్ 3050 తీసుకోండి. 2022లో వచ్చిన 8 జీబీ రకంలో 2560 కోర్లు (లెక్కలు కట్టే చిన్న భాగాలు), 128 బిట్ల బస్సు (చిప్‌కూ మెమరీకీ మధ్య డేటా నడిచే దారి వెడల్పు), 130 వాట్ల వాడకం. 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2304 కోర్లు, 96 బిట్లు, 70 వాట్లు. ‘రెండు జీబీలే కదా తగ్గింది’ అని కౌంటర్ మీద చెబుతారు గానీ, మెమరీ వేగం నాలుగో వంతు తగ్గింది, కోర్లు తగ్గాయి, క్లాకూ (చిప్ నడిచే వేగం) తగ్గింది. ఆర్‌టీఎక్స్ 3060లోనూ ఇదే తంతు: 12 జీబీ రకానికి 192 బిట్ల బస్సు, 8 జీబీ రకానికి 128 బిట్లు. ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 580 అని అమ్మే వాటిలో 2304 కోర్లున్న అసలు కార్డు ఉంది, చైనా మార్కెట్ కోసం చేసిన 2048 కోర్ల రకమూ ఉంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండింటిలోనూ 8 జీబీ, 16 జీబీ రకాలు ఒకే పేరుతో, దాదాపు ఒకేలాంటి డబ్బాల్లో వస్తాయి. పేరు చివర ‘ఎం’ ఉంటే అది ల్యాప్‌టాప్ చిప్‌ను డెస్క్‌టాప్ కార్డుకు అతికించిన సరుకు. అలాంటి ఎన్విడియా కార్డుల్లో కొన్నిటికి మామూలు డ్రైవర్ ఎక్కదు, మార్చిన డ్రైవర్ వెతుక్కోవాలి. ధర చవగ్గా ఉందని వాటి జోలికి పోవద్దు.

అందుకే మీ ప్రకటనల విభాగానికి ఒక విన్నపం. గేమింగ్ పీసీ ప్రకటన తీసుకునేటప్పుడు నాలుగు వివరాలు ఉండాలని షరతు పెట్టండి: ప్రాసెసర్ పూర్తి నంబరు; గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరుతోపాటు దాని మెమరీ రకం, బస్సు వెడల్పు; ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) కంపెనీ, మోడల్; ర్యామ్ ఒక స్టిక్కా రెండా అన్నది. రెండు పంక్తుల్లో పడతాయి. ప్రకటనలో లేకపోతే కొనేవాళ్లు ఫోన్‌లో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోవాలి. రాసివ్వని షాపులో కొనకపోవడమే మేలు.

ఇక కార్డు ఎంచుకోవడం. మొదట తేల్చుకోవాల్సింది మానిటర్. 1080పీ తెరలో 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ప్రతి ఫ్రేమ్‌లోనూ (తెర మీద పడే ఒక్కో బొమ్మలో) అన్ని చుక్కల రంగూ లెక్కకట్టేది కార్డే. ఇంట్లో ఉన్నది 1080పీ, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) మానిటరైతే దానికి ఖరీదైన కార్డు తగిలించడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 1080పీ, 144 హెర్ట్జ్ అయితే కార్డుతోపాటు ప్రాసెసర్ కూడా గట్టిగా ఉండాలి, ఎందుకంటే 60 హెర్ట్జ్‌లో ఫ్రేమ్‌కు ఉన్న 16.7 మిల్లీసెకన్ల గడువు 6.9కి పడిపోతుంది. తక్కువ బడ్జెట్‌లో 4కే ఊసే వద్దు.

రెండోది, ఏ గేములు? వాలొరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివే ఆడేవాళ్లు అసలు కార్డు కొనాలా అని ఒకసారి ఆలోచించండి. రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ర్యామ్ రెండు స్టిక్కులుగా వేస్తే, సెట్టింగ్స్ కాస్త తగ్గించి వాలొరెంట్ హాయిగా ఆడుకోవచ్చు. ఈ రెండు స్టిక్కుల మాట మరీ ముఖ్యం. లోపలి గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉండదు, అది వాడుకునేది ఆ ర్యామ్‌నే. ఒకే స్టిక్ వేస్తే దానికి అందే వేగం సగమైపోతుంది. షాపులవాళ్లు ‘తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు’ అని 16 జీబీ ఒకే స్టిక్ వేసి ఇస్తుంటారు. రెండు 8లు అడగండి.

ఇప్పటికే కార్డు ఉండి, గేమ్ ల్యాగ్ అవుతోందని కొత్తది కొనబోయేవాళ్లు ముందు చిన్న పరీక్ష చేయాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, గేమ్ ఆడుతుండగా తెర మూలన కార్డు వాడకం శాతం, గ్రాఫిక్స్ మెమరీ వాడకం, ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) కనబడేలా పెట్టుకోండి. కార్డు 97–99 శాతం దగ్గర నడుస్తూ ఎఫ్‌పీఎస్ తక్కువుంటే కార్డే చాలడం లేదని అర్థం. 60 శాతం దగ్గరే తిరుగుతూ ఎఫ్‌పీఎస్ తక్కువుంటే లోపం ప్రాసెసర్‌లోనో ర్యామ్‌లోనో ఉంది. కార్డు మార్చినా ఫలితం సున్నా. ఇంకా తేలికైన కారణమూ ఉంటుంది: హెచ్‌డీఎంఐ కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చడం. కంప్యూటర్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చిన తర్వాత ‘కార్డు పాడైంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో ఇది మామూలే. సర్వీస్‌కు తెచ్చేముందు వెనక్కి తిప్పి ఒకసారి చూసుకోండి.

పెద్ద గేములు ఆడాలనుకునేవాళ్లకు 2024 నుంచి లెక్క మారింది. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ గేములు రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కకట్టి వెలుగునీడలు గీయడం) హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి అన్నాయి. వాటి కనీస అర్హతే ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ లేదా ఆర్‌ఎక్స్ 6600, రెండూ 8 జీబీ కార్డులు. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా జీటీఎక్స్ 1650, 1660 సూపర్ ఈ గుమ్మం దాటవు. జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1070, 1080 కార్డులకైతే ఎన్విడియా 2025 అక్టోబరుతో గేమ్ డ్రైవర్లే ఆపేసింది. 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. సెకండ్‌హ్యాండ్‌లో 1060 దొరికింది, బేరం బాగుంది అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మెమరీ ఎంతుండాలి అన్నదానికి మా మాట: కొత్తగా కొనే కార్డులో 8 జీబీ కంటే తక్కువ వద్దు, అందుబాటులో ఉంటే 12 లేదా 16 మంచిది. 8 జీబీ నిండిపోతే గేమ్ ఆగిపోదు. మిగిలిన టెక్స్చర్లు (గేమ్‌లోని వస్తువుల మీద పరిచే బొమ్మలు) కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్లి, అవసరమైనప్పుడల్లా స్లాటు గుండా కార్డులోకి వస్తూపోతూ ఉంటాయి. సగటు ఎఫ్‌పీఎస్ 60 అని చూపిస్తూనే మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ గుటుక్కుమని ఆగుతుంది. అలా జరిగితే మిగతా సెట్టింగ్స్ ముట్టుకోకుండా ‘టెక్స్చర్ క్వాలిటీ’ ఒక్కటే అల్ట్రా నుంచి హై లేదా మీడియంకు దింపండి, చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. డబ్బున్నవాళ్లకు 16 జీబీ కొనమని చెప్పడం తేలిక. లేనివాళ్లకు ఈ ఒక్క మీట తెలిసి ఉండాలి.

స్లాటు అన్నాం కాబట్టి, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కూడా పట్టించుకోని సంగతొకటి చెప్పాలి. మదర్‌బోర్డులో కార్డు గుచ్చే పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో 16 లేన్లుంటాయి (లేన్ అంటే డేటా నడిచే దారి). చవక కార్డులు చూడ్డానికి నిండుగా ఉన్నా వాటిలో ఎనిమిదినో నాలుగునో మాత్రమే వాడుకుంటాయి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, 5050, 5060, ఇంటెల్ ఆర్క్ బీ580 ఎనిమిది లేన్ల కార్డులు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, 6400 నాలుగే. 3.0 వెర్షన్‌లో ఒక్కో లేన్ సెకనుకు సుమారు 1 జీబీ మోస్తుంది, 4.0లో దానికి రెట్టింపు. ఇప్పుడు 4 జీబీ మెమరీ ఉన్న 6500 ఎక్స్‌టీని 3.0 బోర్డులో పెట్టారనుకోండి. మెమరీ తొందరగా నిండుతుంది, నిండాక సరుకు రావాల్సిన దారి సెకనుకు 4 జీబీయే. అదే కార్డు 4.0 బోర్డులో ఎంతో మెరుగ్గా నడుస్తుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ (తెర మీది ఆటను వీడియోగా మార్చే భాగం) లేదు కాబట్టి యూట్యూబ్‌కు గేమ్ రికార్డు చేసి పెట్టాలనుకునే పిల్లలకు అసలు పనికిరాదు.

ఏ బోర్డు ఏ వెర్షన్ అన్నది పెట్టె మీద ‘గేమింగ్’ అని రాసినంత మాత్రాన తెలియదు. ఏఎండీ ఏ520, బీ450 బోర్డులు 3.0. బీ550 బోర్డు 4.0 ఇస్తుంది, కానీ దాంట్లో 5600జీ, 5700జీ లేదా 5500 ప్రాసెసర్ పెడితే మళ్లీ 3.0కే పడిపోతుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్లలో ఉన్నదే 3.0. ‘ఇప్పుడు 5600జీ తీసుకోండి, ఏడాది తర్వాత కార్డు వేసుకోండి’ అనే సలహా మన ఊళ్లో బాగా వినిపిస్తుంది. సలహా తప్పు కాదు. ఏడాది తర్వాత వేసే కార్డు మాత్రం నాలుగు లేన్లది కాకూడదు, కుదిరితే 8 జీబీ కంటే ఎక్కువ మెమరీ ఉన్నది కావాలి. ఇంటెల్‌లో పదో తరం దాకా 3.0, పదకొండో తరం నుంచి 4.0 లేదా ఆపైది.

ఇక ఏది కొనాలి? ధరలు ఈ ఉత్తరంలో రాయడం లేదు. మెమరీ చిప్‌ల ధరలు 2025 చివర్లో ఎగబాకడం మొదలయ్యాక ఈ నెల రాసిన అంకె వచ్చే నెలకు తప్పవుతోంది. పోల్చుకునే పద్ధతి చెబుతాం. మీరు ఆడే మూడు నాలుగు గేములకు, మీ మానిటర్ రిజల్యూషన్‌లో, సమీక్షల్లో ఇచ్చిన సగటు ఎఫ్‌పీఎస్ తీసుకుని కార్డు ధరను దాంతో భాగించండి. ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని రూపాయలు పడుతున్నాయో తేలుతుంది. సగటుతోపాటు ‘1 శాతం లో’ (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం) అనే అంకె కూడా చూడాలి. ఒక కార్డుకు సగటు 80, ఇది 30 అని ఉంటే, సగటు 70, ఇది 55 ఉన్న కార్డే ఆడటానికి సుఖం. అమెరికా ధరను రూపాయల్లోకి మార్చి ఇక్కడి షాపువాళ్లతో గొడవపడేవాళ్లకు ఒక మాట: అక్కడ చెప్పే డాలర్ల ధరలో పన్ను కలవదు, ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

మా ఎంపిక ఇలా ఉంటుంది. 1080పీ మానిటర్, మంచి ఎస్‌ఎంపీఎస్, కొత్త తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఆర్‌టీఎక్స్ 5060, ఇంటెల్ ఆర్క్ బీ580, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీల మధ్య తేల్చుకోవాలి. అమెరికాలో వీటి విడుదల ధరలు 299, 249 డాలర్లు, 9060 ఎక్స్‌టీకి 8 జీబీ అయితే 299, 16 జీబీ అయితే 349. ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవాళ్లకు మేం 9060 ఎక్స్‌టీ 16 జీబీ చెబుతాం. అందులో లేన్లు కూడా పదహారూ ఉన్నాయి కాబట్టి పాత 3.0 బోర్డులోనూ ఇబ్బంది తక్కువ. 5060లో మెమరీ 8 జీబీయే అయినా జీడీడీఆర్7 రకం, వేగం సెకనుకు 448 జీబీ. డీఎల్ఎస్ఎస్ (కింద వివరించాం) ఉన్న గేములు ఎక్కువగా ఆడేవాళ్లకూ, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకూ అది బాగుంటుంది. బీ580లో 12 జీబీ, 192 బిట్ల బస్సు ఉన్నాయి, కాగితం మీద అన్నిటికంటే చవక బేరం. కానీ అది అందరి కార్డూ కాదు. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోవడం) అనే సదుపాయం లేని బోర్డులో దాని వేగం దారుణంగా పడిపోతుంది. రైజెన్ 5 2600, 3600 లాంటి పాత ప్రాసెసర్లతో జతచేస్తే డ్రైవర్ పనే ప్రాసెసర్‌ను తినేసి, కొన్ని గేముల్లో కార్డు సత్తా బయటికి రాదు. ఇంకా తక్కువలో కావాలంటే ఆర్‌టీఎక్స్ 5050, బీ570, దొరికితే ఆర్‌ఎక్స్ 6600. ఈ చివరిది 2021 నాటిదే అయినా 132 వాట్లకే ఇంకా 1080పీ పరువు నిలబెడుతోంది.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అంటే తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం. 1080పీ తెర మీద డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ మోడ్ పెడితే కార్డు గీసేది 1280×720 బొమ్మే. అది మంచి సదుపాయమే. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం వేరు: రెండు అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేముల్ని ఇరికిస్తుంది. డబ్బా మీద ‘మూడు రెట్లు, నాలుగు రెట్లు’ అని కనబడే గీతలన్నీ దీని చలవే. అసలు వేగం 60 దగ్గరుంటే నున్నగా అనిపిస్తుంది. 25 ఉన్న చోట వాడితే అంకె 50 చూపిస్తుంది గానీ మౌస్ కదిలించిన తర్వాత తుపాకీ తిరగడానికి పట్టే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. పైగా అది కార్డు మెమరీని కూడా తింటుంది. ‘జీటీఏ 6కు పనికొస్తుందా’ అనే ప్రశ్నకు జవాబు: దాన్ని ఇంతవరకు ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే. ఆ పేరు చెప్పి ఇప్పుడు కార్డు అమ్మజూపితే నమ్మొద్దు.

కార్డు కంటే ముందు కొనాల్సింది ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తోపాటు ఊరికే వచ్చేదాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. ఆ అంకె చూడకండి. పక్క స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 15 ఆంపియర్లే ఉంటే 12×15, అంటే ప్రాసెసర్‌కూ కార్డుకూ కలిపి దక్కేది 180 వాట్లే. నిజమైన 450 వాట్ల దాంట్లో ఆ గడిలో 35 ఆంపియర్ల పైనే ఉంటాయి. స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి, ఆరు పిన్నుల కేబుల్ 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. ఎస్‌ఎంపీఎస్‌లో ఆ కేబుల్ లేకపోతే సాటా (హార్డ్ డిస్కుకు కరెంటు ఇచ్చే కేబుల్) నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టర్ దొరుకుతుంది. దాన్ని వాడొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే, అంతకు మించితే ప్లాస్టిక్ కరిగి వైర్లు కాలతాయి. మంచి కంపెనీ 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) రకం పైన చెప్పిన కార్డుల్లో చాలావాటికి చాలు. బీ580కి 600 ఉంటే నిశ్చింత. గేమ్ బరువు పడగానే కంప్యూటర్ ఠక్కున రీస్టార్ట్ అయితే ముందు అనుమానించాల్సింది దీన్నే, కార్డును కాదు.

యూపీఎస్ సంగతీ ఇలాంటిదే. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోసేది 360 వాట్లు. ఐ5 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 145 వాట్లు, మానిటర్, మిగతా భాగాలు, ఎస్‌ఎంపీఎస్‌లో వృథా అయ్యేదీ కలిపితే ఆ 360కి దగ్గరపడుతుంది. గేమ్ మధ్యలో కరెంటు పోతే కీచుమని ఆగిపోవడానికి కారణం అదే. కనీసం 1000 వీఏ తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక మీటను ‘యూపీఎస్’ మోడ్‌లో పెట్టాలి. కరెంటు పోయాక నిండు లోడులో ఎస్‌ఎంపీఎస్ పట్టుకుని ఉండేది సుమారు 16 మిల్లీసెకన్లు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఆఫీసుల నుంచి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కలా, అమీర్‌పేటలోనూ చవగ్గా దొరుకుతున్నాయి. వాటిని గేమింగ్ పీసీగా మార్చాలనుకునేవాళ్లు మూడు సంగతులు చూసుకోవాలి. సన్నటి క్యాబినెట్ అయితే లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డే పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ 200 వాట్ల చుట్టూ ఉండి, ఆకారమూ పిన్నులూ ఆ కంపెనీ సొంతవి కాబట్టి బయటిది తగలదు. కార్డుకు ఇచ్చే విడి కేబుల్ ఉండదు. అలాంటి పెట్టెకు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో-ప్రొఫైల్ రకం సరిగ్గా సరిపోతుంది: 70 వాట్లు, చాలా మోడళ్లకు విడి కేబుల్ అక్కర్లేదు. పైన మేం తక్కువ చేసి మాట్లాడిన కార్డే ఇక్కడ ముందువరసలో నిలబడుతుంది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల పాత ఐ5లు కొత్త గేముల్లో తడబడతాయని తెలిసే కొనండి.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు ఫొటో చూసి డబ్బు పంపొద్దు. ఇతీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే పని (మైనింగ్) 2022 సెప్టెంబరు 15న ఆగిపోయాక మైనింగ్ కార్డులు విపరీతంగా బయటికొచ్చాయి. మైనింగ్ చేసినంత మాత్రాన చిప్ చెడిపోదు. అరిగేవి ఫ్యాన్ బేరింగులు, వేడికి దెబ్బతినేవి మెమరీ చిప్‌ల మీద వేడిని లాగే ప్యాడ్లు. కార్డు అంచుల్లో నూనె కారినట్టు ఉంటే ప్యాడ్లు వదిలేసినట్టు. స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం. కరెంటు లేనప్పుడు ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడండి, గరగరమనకూడదు.

తర్వాత కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరవండి. పాత చిప్ బయోస్ (కార్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు పెట్టిన చాలా కార్డులను అది పట్టుకుని, పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తుంది. కోర్ల సంఖ్య, మెమరీ రకం, బస్సు వెడల్పు కంపెనీ సైట్‌లో ఉన్నవాటితో సరిపోవాలి. లేన్ల గడి చూసేటప్పుడు పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి లోడు పెట్టి చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు వెర్షన్ తగ్గి కనబడటం సహజం. ఎనిమిది ఉండాల్సిన చోట లోడులోనూ నాలుగే చూపిస్తే స్లాటులోకి దిగే కార్డు కాళ్లు మురికిపట్టి ఉండొచ్చు, రబ్బరుతో తుడిచి మళ్లీ చూడండి. ఆ పైన ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియో మెమరీ పరీక్ష, తర్వాత యూనిజిన్ సూపర్‌పొజిషన్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ గానీ ఒక బరువైన గేమ్ గానీ కనీసం అరగంట. తెర మీద రంగు చుక్కలు, గళ్లు వస్తే మెమరీ పోయినట్టు. అది చిన్న రిపేరు కాదు. అన్ని పోర్టులకూ మానిటర్ తగిలించి చూడటం మరిచిపోకండి. ‘ఓవెన్‌లో వేడిచేసి బాగుచేశాం’ అని ఎవరైనా గర్వంగా చెబితే దండం పెట్టి వచ్చేయండి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటి, రేకుల గదిలోనో పై అంతస్తులోనో గది వేడే 35 ఉంటే, చల్లటి దేశాల్లో తీసిన ఉష్ణోగ్రతల పట్టికలకు పది డిగ్రీలు కలుపుకోవాలి. ముందువైపు అద్దం మూసిన క్యాబినెట్ అందంగా ఉంటుంది కానీ గాలి పోదు. జాలీ ముందుభాగం, లోపలికి ఒక ఫ్యాన్, బయటికి ఒక ఫ్యాన్ ఉన్నది తీసుకోండి. కార్డు వేడి 80 డిగ్రీలు దాటి నిలబడి క్లాక్ పడిపోతుంటే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 85 శాతానికి దించండి. వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడీ చప్పుడూ బాగా తగ్గుతాయి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోవాలి. గాలికి వాటిని గిర్రున తిరగనిస్తే బేరింగులు పాడవుతాయి.

కార్డు బిగించేముందు పాత డ్రైవర్‌ను డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో సేఫ్ మోడ్‌లో తీసేయండి, ముఖ్యంగా ఎన్విడియా నుంచి ఏఎండీకో ఇంటెల్‌కో మారేటప్పుడు. క్యాబినెట్‌లో కార్డు పొడవుకు జాగా కొలవండి. రెండు ఫ్యాన్ల కార్డులు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. బిగించాక మదర్‌బోర్డు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగ్స్) ర్యామ్‌కు ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్), తర్వాత ఎబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ ఆన్ చేయాలి. వీటికి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సదుపాయం) ఆపాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: విండోస్ ఉన్న డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే సీఎస్ఎం ఆపగానే కంప్యూటర్ బూట్ కాదు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ పనిముట్టుతో డిస్క్‌ను మార్చి, అప్పుడు సీఎస్ఎం ఆపాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి ఆన్‌లైన్ గేములు అడిగే సెక్యూర్ బూట్‌కు (బూట్ అయ్యే సాఫ్ట్‌వేర్ అసలైనదేనా అని చూసే రక్షణ) కూడా ఇదే దారి.

చివరగా బిల్లు. ‘బిల్లు వద్దంటే 18 శాతం మిగులుతుంది’ అనే బేరానికి ఒప్పుకుంటే మూడేళ్ల వారంటీ చేతులారా వదులుకున్నట్టే. బిల్లులో షాపు జీఎస్టీ నంబరు, కార్డు పూర్తి పేరు, సీరియల్ నంబరు ఉండాలి. ఆ సీరియల్ డబ్బా మీదా, కార్డు వెనకా ఒకటే అయి ఉండాలి. డబ్బు కట్టకముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. విదేశం నుంచి చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు ఆ కంపెనీ ఇక్కడ ఆ సీరియల్‌కు వారంటీ ఇస్తుందో లేదో కంపెనీనే అడగాలి, చాలావాటికి ఇవ్వరు. చెప్పిన కార్డు ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే షాపుకు రాతపూర్వకంగా తెలియజేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. ప్రకటన కత్తిరింపు, వాట్సాప్‌లో రాయించుకున్న వివరాలు, బిల్లు, జీపీయూ-జెడ్ తెర ఫొటో జతచేయాలి.

ఇట్లు,
కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్లు,
సికింద్రాబాద్